పద్దెనిమిదో ముడి

గాలి తగ్గలేదు. స్కీ జంప్ టవర్ మీద ఎర్రలైటు అలాగే ఉంది. అది పచ్చబడితే గాని పైన అడ్డకర్ర మీద కూర్చున్న పిల్ల జారి దూకడానికి లేదు, ఆ పిల్ల దూకితే గాని ఈ చెక్కమెట్ల మీద నిలబడ్డ ఆడవాళ్ళు కదలడానికి లేదు. విజయశ్రీ బూట్లలో కాలివేళ్ళు ఒక్కొక్కటే కదిపి చూసుకుంది. పదీ ఉన్నాయి. ఎడమకాలి చిటికెనవేలు కాస్త ఆలస్యంగా పలికింది. పైన, చాలా పైన, ఆకాశానికి ఆనించిన నిచ్చెనలా నిలబడ్డ టవర్ కొసన పసుప్పచ్చ హెల్మెట్ ఒకటి పొద్దుతిరుగుడు గింజంత కనిపిస్తోంది. అది అవని. గంట కావస్తోంది, రెండుసార్లు కర్ర మీది నుంచి దింపి లోపలికి పంపారు, రెండుసార్లు మళ్ళీ కూర్చోబెట్టారు. లోపల హీటర్ ఉందో లేదో. పొద్దున ఒక్క అరటిపండు తప్ప ఏమీ తినలేదు. ఉప్మా చేసి డబ్బాలో పెట్టి ఇస్తే, “జంప్ అయ్యాక తింటా అమ్మా, ఇప్పుడు తింటే హెవీ అయిపోతా,” అని కార్‌లోనే వదిలేసి వెళ్ళింది. ఉప్మా ఈపాటికి రాయి అయిపోయి ఉంటుంది.

కొండవాలు పక్కన పైనుంచి కిందిదాకా మెట్లు, మెట్ల మీద ఆరుగురు ఆడవాళ్ళు. వాలు అంచున మీటరుకొక పలక, పలక మీద అంకె, అంకెకీ అంకెకీ మధ్య అర మీటరుకి ఒక నల్లగీత. దూకిన పిల్ల పాదాలు మంచుకి ఎక్కడ తగిలాయో కంటితో పట్టుకుని, ఆ గీతకి నేరుగా చెయ్యి చాపి, వాకీటాకీలో అంకె చెప్పాలి. అంతే పని. పెద్ద పెద్ద చోట్ల ఇప్పుడు దీన్ని కెమెరాలు చేస్తాయట. మిషిగన్ నెత్తిన, ఇనుపగనులు మూతపడిన ఈ చిన్న ఊళ్ళో ఇంకా కళ్ళే చేస్తున్నాయి. ఒక్కొక్కరికి నాలుగైదు మీటర్లు. విజయశ్రీవి యాభై ఎనిమిది నుంచి అరవై రెండు. పై మెట్టు మీద మిస్ టోరా, ఎనభై ఒకటో ఏట కూడా టోపీ కింద జడ వేసుకునే మనిషి, యాభై నాలుగు నుంచి యాభై ఏడు. చూడాల్సింది పిల్లని కాదు, మొహాన్ని అసలే కాదు, పాదాల్ని. ఒక పాదం ముందు, ఒక పాదం వెనక పెట్టి దిగుతారు కాబట్టి రెండింటికీ నడుమ ఎక్కడో, అదీ దూరం. మొదటి రోజు టోరా చెప్పింది: “అందరూ పైకి చూస్తారు విజయా, పిల్ల గాల్లో ఉంటే అందంగా ఉంటుంది కదా. నువ్వు నీ నాలుగు మీటర్ల మంచునే చూస్తూ ఉండు. వస్తే వాళ్ళే వస్తారు.”

ఈ పనికి కావలసింది పోపులో ఆవాలు ఎన్ని వేయాలో చెంచా లేకుండా తెలిసే చెయ్యి అనుకుంది అప్పుడు. కాదు, అంతకన్నా ముందుది. కాకినాడలో బి.ఎస్సీ. ఫిజిక్స్ లాబ్, చెక్కబల్లల మీద స్పిరిట్ వాసన, పక్కనుంచి చూసి రీడింగ్ తీస్తే తప్పు వస్తుందని, కన్ను గీతకి సరిగ్గా ఎదురుగా ఉండాలని మేడం వీపు మీద వేలితో పొడిచి నిలబెట్టేది. రావలసిన జవాబు ముందే తెలిసిన మనిషి రీడింగ్ తియ్యకూడదు అనేది. తీసినది తీసినట్టు ముందు రాసెయ్యి, బాగుందో లేదో తర్వాత ఆలోచించుకో. బాచ్‌లో అందరూ విజయశ్రీ రికార్డు చూసే కాపీ కొట్టేవాళ్ళు. ఎందుకంటే అందులో వంకర ఉంటే ఆ వంకర పరికరానిదే అయ్యుంటుంది, ఆ పిల్లది కాదు అని వాళ్ళ నమ్మకం. ఆ చదువు తర్వాత ఏమైందీ అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆమెకి ఎప్పుడూ తెలియలేదు. ఇరవై ఏళ్ళుగా మూడు గిన్నెల బియ్యానికి ఆరు గిన్నెల నీళ్ళు. ఇదివరకటి ఊరు ట్రాయ్‌లో ఉన్నప్పుడు పిండి పులిసేది, ఇక్కడ ఒవెన్ లోపల దీపం వెలిగించి పెట్టినా రెండు రోజులు పడుతుంది.

ట్రాయ్ నుంచి ఇక్కడికి ఏడు గంటల డ్రైవ్. భర్త చక్రపాణి పనిచేసే కంపెనీ కార్ల బ్రేకుల్ని గడ్డకట్టిన సరస్సు మీద పరీక్షిస్తుంది. ఆ పని చూసుకోవడానికి రెండేళ్ళకని పంపించారు. ఇది నాలుగో ఏడు. తెల్లారకముందే సరస్సుకి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చే మనిషి, ఆదివారాలు కూడా, ఇవాళ కూడా. “ఐస్ మందం బాగుంది విజ్జీ, ఈ వారం వదులుకోలేం. వీడియో తియ్యి,” అని వెళ్ళాడు. వీడియో తియ్యడానికి కొలిచేవాళ్ళకి చేతులు ఖాళీ ఉండవని నాలుగేళ్ళలో నాలుగుసార్లు చెప్పి ఉంటుంది. నిన్న ట్రాయ్ నుంచి స్నేహితురాలు అనురాధ ఫోన్ చేసి, “ఇంకా ఆ దూకుడేనా? మా దియకి మార్చిలో రంగప్రవేశం, హాల్ బుక్ చేశాం. మీ అవని కూడా చక్కగా ఏ వీణో నేర్చుకోవచ్చుగా, వీణ మీంచి పడితే ఏమీ విరగదు,” అంది, అని తన జోకుకి తనే నవ్వింది. విజయశ్రీ కూడా నవ్వింది. నవ్వాక ఫోన్ పెట్టేసి, స్టవ్ మీద పాలు పొంగిపోయిన సంగతి చూసింది.

అరవై. అరవై మీటర్లు. ఇవాళ సాయంత్రం ఐదింటికి జాబితా మూసేస్తారు. తూర్పున, రెండు రోజుల ప్రయాణం దూరంలో, దూకే పిల్లల్ని చేర్చుకుని చదువూ అక్కడే చెప్పించే శిక్షణ స్కూలు ఒకటి ఉంది. ఈ సీజన్‌లో ఒక్కసారైనా పోటీలో అరవై దూకిన పిల్లకే పిలుపు. అవనికి మిగిలింది ఒక్క జంప్, ఇదే. ఇవాళ్టి మొదటి జంప్ యాభై ఆరు, టోరా మెట్టు. దూకితే ఆగస్టులో వెళ్ళిపోతుంది, పద్నాలుగు నిండి పదిహేనులో పడే పిల్ల. దూకకపోతే వెళ్ళదు. పొద్దున కార్ ఆపాక, స్కీలు పైకప్పు మీద నుంచి దించుతూ, “అమ్మా, నువ్వు అక్కడే ఉంటావు కదా, సేమ్ స్పాట్?” అంది. ఉంటానే అంది. “గుడ్,” అంది అవని. ఆ గుడ్ ఏమిటో. ఎందుకు గుడ్. సొంత పిల్ల దూకేటప్పుడు తల్లి పక్కకి తప్పుకోవాలని ఏ ఆటలోనైనా రూల్ ఉంటుంది, ఈ కొండ మీద లేదు. ఇక్కడ తల్లులే కొలుస్తారు, తమ పిల్లల్ని కూడా, వందేళ్ళుగా.

గాలి ఒకసారి మెట్ల మీదుగా తిరిగి మొహాన చల్లింది. మంచు కాదు, మంచు నుంచి లేచిన పొడి, సన్నగా, జల్లెడ పట్టిన బియ్యప్పిండిలాగ. వాలు పొడుగునా కట్టిన మూడు చిన్న జెండాల్లో పైది ఎడమకి, కిందది కుడికి, నడిమిది ఎటూ తేల్చుకోలేక. ఎండ లేదు, నీడలు పడేది వాలు పక్క స్తంభాల దీపాల వెలుతురుకే. ఈ కొండ మీద ఎండ పడదు, మంచు నిలవడానికని ఉత్తరం వాలు ఏరుకుని మరీ కట్టారు. కట్టి దానికి సొల్‌బాకెన్ అని పేరు పెట్టారు. వాళ్ళ భాషలో ఎండకొండ. నార్వేలో ఎవరిదో పొలం పేరట అది, ఆ పొలం అమ్మేసుకుని ఇనుపగనిలో కూలికి వచ్చినవాళ్ళు. పద్దెనిమిది మంది, ఆదివారాల్లో, గనిలో కప్పుకి ఆనించే దుంగలనే తెచ్చి మొదటి టవర్ కట్టారు. పదమూడేళ్ళకి గాలి దాన్ని పడగొట్టింది. మళ్ళీ కట్టారు. మంచు పడని ఏడు గడ్డి పరిచి దూకారు, ఇంకో ఏడు అడవి లోపలి నుంచి బుట్టలతో మోసుకొచ్చి పోశారు. తర్వాత ఇనుముది. తర్వాత గని మూసేశాక ఊరు ఖాళీ అయి, పాతికేళ్ళు టవర్ మీద కాకులు తప్ప ఎవరూ ఎక్కలేదు. వెళ్ళిపోని ఏడెనిమిది కుటుంబాలు చేరి తుప్పు గీకి మళ్ళీ తెరిచారు. ఇవన్నీ విజయశ్రీకి కంఠతా వచ్చు. కింద పిల్లలు చలి కాచుకునే గదిలో గోడలకి పెట్టే కొండ చరిత్ర బోర్డులు ఆమే రాస్తోంది. క్లబ్బు వాళ్ళు అడిగారు, మీ ఇంగ్లీషు శుభ్రంగా ఉంటుంది మేడం అని. పన్నెండు బోర్డుల్లో పదకొండు అయిపోయాయి. పన్నెండోది నవంబరు నుంచి ఖాళీగా ఉంది.

పన్నెండోది దారం గురించి. అద్దాలపెట్టెలో చెక్కకండె, దానికి చుట్టిన బూడిదరంగు ఉన్నిదారం. పందొమ్మిది వందల ఇరవై ఆరు ఫిబ్రవరి, ఇప్పటికి సరిగ్గా వందేళ్ళు. సిగ్నే అని పదిహేనేళ్ళ పిల్ల, లంగా కింద అన్న పాంటు తొడుక్కుని, మగపిల్లల పోటీ అయిపోయాక టవర్ ఎక్కి దూకింది. ఆడపిల్ల దూకితే టేపు పట్టం అన్నారు మగవాళ్ళు. అప్పుడు దాని తల్లి మారిత్ బుట్టలోంచి ఉన్ని ఉండ తీసి, పిల్ల దూకిన అంచు నుంచి మంచులో పాదాల గుర్తు దాకా పరిచి, బారకొక ముడి వేసుకుంటూ కొలిచింది. బార అని వాళ్ళు అనలేదు, వాళ్ళ మాట వేరే. టోరా రెండు చేతులూ చాచి చూపించగానే విజయశ్రీకి చేదతాడు కొలిచే బార గుర్తొచ్చింది. ఆ మరుసటి పోటీ నుంచి తల్లులు మెట్ల మీదికి వచ్చారు, ఆ తర్వాత ఎవరూ వాళ్ళని దించలేదు. క్లబ్బు పుస్తకంలో రాసి ఉంది: సిగ్నే, పదిహేడు బారలు, తల్లి చెప్పిన లెక్క. ఆ రోజు గెలిచిన కుర్రాడిది పదిహేడున్నర. పాపం అర బారలో పోయింది అని అందరూ వందేళ్ళుగా చెప్పుకునే కథ. బోర్డు రాసేముందు లెక్కపెట్టకుండా రాయడం విజయశ్రీకి చేతకాదు. అద్దాలపెట్టె తాళం అడిగి తీసుకుని, బల్ల మీద తెల్లబట్ట పరిచి, కండె విప్పింది. పదిహేడు ముడులు. పదిహేడో ముడి దాటాక ఒక ఎర్రపోగు కట్టి ఉంది, అది కుర్రాడి గుర్తు, వాడిదీ అదే దారంతో కొలిచి చూసుకుందన్న మాట. ఎర్రపోగు తర్వాత ఇంకొంచెం దారం. ఆ దారం చివర పద్దెనిమిదో ముడి.

ఉన్ని సాగుతుంది మేడం, వందేళ్ళలో ఎంత సాగి ఉంటుందో అన్నాడు టవర్‌లో మైకు పట్టుకునే డేల్. సాగుతుంది, కుంచించుకుపోతుంది కూడా. ముడులు పెరగవు. ఆ కండె పట్టుకుని టోరా ఇంటికి వెళ్ళింది. సిగ్నే టోరాకి అమ్మ, మారిత్ అమ్మమ్మ. టోరా కండె చూసి, కాఫీ పోసి, కప్పు ముందుకి జరిపి, “మా అమ్మ తర్వాత లెక్కపెట్టినదానివి నువ్వే,” అంది. పద్నాలుగేళ్ళప్పుడు చూసిందట టోరా. మారిత్ పోయాక పిండి డబ్బా అడుగున దొరికింది ఈ కండె. సిగ్నే వంటింటి బల్ల దగ్గర కూర్చుని విప్పింది, లెక్కపెట్టింది, పద్దెనిమిది అని ఒక్కసారే పైకి అని, మళ్ళీ చుట్టేసి క్లబ్బుకి ఇచ్చేసింది. పుస్తకంలో అంకె మార్చమని అడగలేదు. అమ్మమ్మకి లెక్క తప్పిందేమో అంది విజయశ్రీ, తప్పలేదని తెలిసే. “మా అమ్మమ్మ ఇద్దరు పిల్లల్ని కని, గని హాస్టల్లో నలభై మందికి రొట్టెలు కాల్చేది. పద్దెనిమిది దాకా లెక్కపెట్టడం వచ్చు,” అంది టోరా. ఆ ఏడు ఊళ్ళోకి ఒక సర్కస్ మనిషి వచ్చాడట. మగపిల్లల్ని మించి దూకే ఆడపిల్ల ఉంటే ఊరూరా తిప్పుతాం, మంచి జీతం అని. కొండ కింద బండిలో కూర్చుని ఫలితం కోసం చూస్తున్నాడు. మారిత్ పదిహేడు అంది. బండి వెళ్ళిపోయింది. తర్వాత సిగ్నే ఎప్పుడూ దూకలేదు. ఎందుకని, ఎవరైనా వద్దన్నారా? “ఎవరూ అనలేదు. ఊరికే మానేసింది. నేను అడిగితే గిన్నెలు తోముకుంటూ ఉండిపోయేది. అదొక్కటి నాకు ఇప్పటికీ తెలియదు విజయా.”

అది నవంబరు. అప్పటికి అది ఎవరి కథో. మారిత్ మీద విజయశ్రీకి కోపం కూడా వచ్చింది. ఇంటికి వచ్చేటప్పుడు కార్‌లో ఒక్కతే అంది: తీసిన రీడింగ్ మార్చడానికి నువ్వెవరు.

జనవరి పదో తారీకు. వద్దు. ఎర్రలైటు. పసుప్పచ్చ హెల్మెట్ కదిలింది, కర్ర మీదికి కాదు, పక్కకి, మళ్ళీ దింపారు. జనవరి పదో తారీకున గాలే లేదు, జెండాలు పడుకున్నాయి. చలి ఎంతంటే ముక్కులోపల వెంట్రుకలు గాజుపీచులా గుచ్చుకున్నాయి. అవని రెండో జంప్. విజయశ్రీ పైకి చూడలేదు, మంచునే చూస్తోంది, నీడ ముందు వచ్చింది, తర్వాత స్కీలు, తర్వాత టప్ మని ఒక చప్పుడు. వెనక పాదం యాభై తొమ్మిదిన్నర గీత మీద, ముందు పాదం అరవైన్నర మీద. నడుమ అరవై. ఎంత తేటగా అంటే లాబ్‌లో కూడా అంత తేటగా ఎప్పుడూ పడలేదు. చెయ్యి వెనక పాదం మీదికి వెళ్ళింది. వెళ్ళింది అంటే, తనే చాపింది. నోరు యాభై తొమ్మిదిన్నర అంది. ఒక్క సెకను. ఆ సెకనులో ఏమనుకుంది? ఏమీ అనుకోలేదు, అదే కదా భయం, అనుకుని ఉంటే ఆగేదేమో. కింద జనం అయ్యో అన్నారు. అవని కింద ఆగి, వెనక్కి తిరిగి, వాలు వంక చాలాసేపు చూసింది. ఆ రాత్రి కోట్ జేబులోంచి సరుకుల పుస్తకం తీస్తే, పెన్సిలు దారంతో కట్టి ఉండే చిన్న పుస్తకం, సిరా ఇక్కడ గడ్డకడుతుంది కాబట్టి పెన్సిలే, అందులో కొత్తిమీర, పెరుగు, స్నోబ్లోయర్‌కి పెట్రోలు, వాటి కింద తన రాతలోనే: జన. 10, అవని, 60. మెట్టు మీద నిలబడే రాసుకుంది. చెయ్యి ఒకటి అబద్ధం చెబుతుంటే ఇంకో చెయ్యి నిజం రాసింది. పిండి డబ్బా లేకపోతేనేం.

పుస్తకం ఇప్పుడు కూడా జేబులోనే ఉంది. గ్లవ్ మీది నుంచి తాకితే గట్టిగా ఒక మూల.

పడిపోతుందనే భయం అని పేరు పెట్టుకుంది. ఆ స్కూల్లో కొండలు ఇంకా పెద్దవి, తొంభై, నూట ఇరవై. మెడ విరిగిన పిల్లల గురించి చదివింది, ఆ పేజీలు మూసెయ్యకుండా ఫోన్‌లో అలాగే ఉంచుకుంది, ఎవరైనా అడిగితే చూపించడానికి. ఎవరూ అడగలేదు. అదే నిజమైతే ఈ అరవై మీటర్ల కొండే వద్దనాలి కదా, నాలుగేళ్ళ కిందటే. భయం కాదు. మధ్యాహ్నం మూడున్నరకి స్కూల్ బస్సు ఆగిన చప్పుడు, మంచు దులిపే కాళ్ళ చప్పుడు, “అమ్మా, తినడానికి వాట్ డు వి హావ్?” అనే ఆ ఒక్క సగం తెలుగు వాక్యం. దాని కోసం పొద్దుటి నుంచి ఇల్లు ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. ఆగస్టు తర్వాత మూడున్నర అవుతుంది. బస్సు ఆగదు. ఒవెన్ దీపం కింద పిండి, సరస్సు మీద చక్రపాణి, ఆమె. ఇంత చిన్న దానికా? ఇంత చిన్న దానికే. సర్కస్ బండికి భయపడ్డ మారిత్ నయం, ఆవిడకి కనీసం కిందొక బండి ఉంది.

జనవరి తర్వాత అవని యాభై ఎనిమిది దూకింది, తర్వాత యాభై ఏడు, ఇవాళ యాభై ఆరు. కోచ్ వీడియోలు ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, టెక్నిక్ బాగానే ఉంది, అంచు దగ్గర అర సెకను సందేహిస్తోంది, ఎందుకో తెలియదు అన్నాడు. పెరిగే వయసు అనుకుంది విజయశ్రీ. అలా అనుకోవడం తేలిక.

“విజయా,” అంది పైనుంచి టోరా. “జెండా.”

మూడు జెండాలూ పడుకున్నాయి. పసుప్పచ్చ హెల్మెట్ మళ్ళీ కర్ర మీదికి వచ్చింది. లైటు పచ్చబడింది. కోచ్ చెయ్యి కిందికి పడటం కనిపించింది, ఇక పైకి చూడకూడదు, మంచు, తన నాలుగు మీటర్లు, నల్లగీతలు. యాభై ఎనిమిది. పైన స్కీలు జారే చప్పుడు, దూరంగా బట్ట చింపుతున్నట్టు, అది పెరిగి, పెరిగి, అంచు దగ్గర తెగిపోయింది. తర్వాత ఏమీ లేదు. ఈ ఏమీ లేకపోవడం మూడు సెకన్లు ఉంటుంది. దేవుడా దూకించు. దేవుడా వద్దు. రెండూ ఒకే ఊపిరిలో వచ్చాయి, రెండింటినీ పక్కకి నెట్టింది. రావలసిన జవాబు తెలిసిన మనిషి. కన్ను గీతకి ఎదురుగా. నీడ. నీడ వెనకే స్కీల తెలుపు. టప్.

వెనక పాదం యాభై తొమ్మిది. ముందు పాదం అరవై. నడుమ యాభై తొమ్మిదిన్నర.

ఇంకోసారి చూసింది, మంచులో రెండు గాట్లు, పొడి ఇంకా వాటి మీద వాలుతోంది. యాభై తొమ్మిదిన్నర. జనవరిలో తను చెప్పిన అంకె. ఈసారి నిజం. ఇదే కదా కావలసింది, అబద్ధం లేకుండా, ఎవరి తప్పూ లేకుండా, పిల్ల ఇంట్లోనే ఉంటుంది. చెయ్యి చాపింది. వాకీటాకీ నొక్కి, “టవర్, ఫిఫ్టీ నైన్ అండ్ హాఫ్,” అంది. మైకులో డేల్ దాన్ని కొండంతా వినబడేలా చెప్పాడు. కింద జనం మళ్ళీ అదే అయ్యో. అవని కింద తిరిగి ఆగింది, గాగుల్స్ పైకి తోసుకుంది, ఈసారి వాలు వంక చూడలేదు. వంగి స్కీలు విప్పుకోవడం మొదలుపెట్టింది, ఇంక అవసరం లేని వస్తువుల్ని విప్పుతున్నట్టు, నిదానంగా.

ఆ నిదానం విజయశ్రీ ఎక్కడో చూసింది. చూడలేదు, విన్నది. గిన్నెలు తోముకుంటూ ఉండిపోవడం.

బొటనవేలు బటన్ మీద నుంచి రాలేదు. “టవర్,” అంది. ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ మంచులోంచి తవ్వి తీస్తున్నట్టు వచ్చాయి. “జనవరి పదో తారీకు, రెండో రౌండ్, అవనిది నేను యాభై తొమ్మిదిన్నర చెప్పాను. అది తప్పు. అరవై. నేను సరిగ్గానే చూశాను. తప్పు చెప్పాను.”

డేల్ మైకు ఆపలేదు, ఆమె మాటలు కొండంతా వినబడ్డాయి. తర్వాత డేల్ గొంతు, “మేడం, మీకు ఖచ్చితంగా ఎలా తెలుసు? ఆరు వారాలైంది.”

“అప్పుడే రాసుకున్నాను. పుస్తకం నా దగ్గరే ఉంది.”

“మీ ఒక్కరి మాటేనా?”

“ఇద్దరి మాట,” అంది టోరా తన వాకీటాకీలో. “అరవై. నేనూ చూశాను.”

విజయశ్రీ తలెత్తి చూసింది. టోరా వాలు వంకే చూస్తోంది.

“చూసి, ఎందుకు చెప్పలేదు?”

“నీ మెట్టు నీది. ఒకరి గీతల మీద ఇంకొకరు చెయ్యి పెట్టరు ఇక్కడ.” టోపీ కిందికి లాక్కుంది. “నేను చెప్పగలిగింది మా అమ్మమ్మ సంగతే. అది చెప్పాను.”

నవంబరులో చెప్పింది కదా అనబోయి ఆగింది విజయశ్రీ. నవంబరులో ఒకసారి. జనవరి తర్వాత, మెట్ల మీద నిలబడ్డ ప్రతి ఆదివారమూ, ఎందుకు మానేసిందో నాకిప్పటికీ తెలియదు అని, ముసలితనం వల్ల చెప్పిందే చెబుతోందనుకున్న ఆ మాట. డేల్ మైకులో కోచ్‌తో మాట్లాడుతున్నాడు, పుస్తకం తీసుకురండి మేడం, ఐదింటి లోపల చూస్తాం అంటున్నాడు, పోటీ ఆగదు, నెక్స్ట్ జంపర్ రెడీ అంటున్నాడు.

ఈ కొండకి లిఫ్ట్ లేదు. దూకిన వాళ్ళు స్కీలు భుజాన వేసుకుని ఈ మెట్ల మీదుగానే మళ్ళీ పైకి ఎక్కాలి. అవని ఎక్కి వస్తోంది. ఒక్కొక్క మెట్టు మీద దాని బూట్ల చప్పుడు వేరువేరుగా వినబడుతోంది. మెట్ల మీది ఆడవాళ్ళెవరూ దాని వంక చూడలేదు, అది వాళ్ళ మర్యాద. అవని విజయశ్రీకి ఒక మెట్టు కింద ఆగింది. మొహం ఎర్రగా ఉంది, చలికో దేనికో. కనురెప్పల మీద మంచు.

“అమ్మా.”

“ఊఁ.”

“ఆ రోజు నాకు సిక్స్టీ అనే అనిపించింది. ఐ ఫెల్ట్ ఇట్, కాళ్ళలో.” ఊపిరి తీసుకుంది. “కానీ నువ్వు ఎప్పుడూ కరెక్ట్ కదా. ఎవ్రీబడీ సేస్ దట్. సో నాకే తెలీట్లేదేమో అనుకున్నా. అప్పట్నించి అంచు దగ్గరికి వచ్చినప్పుడల్లా, నాకు తెలుసా తెలీదా, నాకు తెలుసా తెలీదా...” మాట ఆపేసింది. “దట్స్ ఆల్.”

టోరా పైమెట్టు మీద కదలకుండా నిలబడి ఉంది. తెలుగు రాని మనిషి. అయినా వాకీటాకీ పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

సారీ అనే మాట నోటి దాకా వచ్చింది. చాలా చిన్నది అది, పిల్ల గ్లవ్‌లో పెడితే కనపడను కూడా కనపడదు. పన్నెండో బోర్డు కళ్ళ ముందు మెదిలింది, పద్దెనిమిది అన్న అంకె, దాని కింద రాయవలసినది ఇప్పుడు తెలుసు, రాయగలదో లేదో తెలియదు. అవని వెళ్ళిపోలేదు. స్కీలు మెట్టు పక్క మంచులో గుచ్చి, తల్లి పక్కకి ఎక్కి నిలబడింది. పైన లైటు పచ్చబడింది. బట్ట చింపుతున్న చప్పుడు, తెగిపోవడం, ఏమీ లేకపోవడం. నీడ. టప్.

ఆ జంప్ విజయశ్రీ నాలుగు మీటర్లలోనే పడింది. చూసింది. చూసినది చూసినట్టు తెలుసు. చెయ్యి మాత్రం చాపలేదు.

“ఎంతే?” అంది.

అవని తల్లి వంక చూసింది, తర్వాత మంచు వంక, ఒక కన్ను మూసి, గీతకి ఎదురుగా ఒక్క అడుగు జరిగి నిలబడి.

“ఫిఫ్టీ ఎయిట్,” అంది. “అండ్ ఎ హాఫ్.”

విజయశ్రీ వాకీటాకీ పిల్ల నోటి దగ్గర పెట్టింది.